యోగ్యకర్తలో నాలుగు దినములు

జావా ద్వీపమునకు దక్షిణభాగమున, ఒకవంక మెరాపి అగ్నిపర్వతము ధూమము గ్రక్కుచుండగా, మఱొకవంక హిందూ మహాసముద్రము ఘోషించుచుండగా, సుల్తానుల ప్రాసాదముతోను, బాటిక్ వస్త్రములను తీర్చువారి వాడలతోను, వేలకొలది విద్యార్థులతోను కలకలలాడు యోగ్యకర్త నగరము 2006 మే 27వ తేదీ ఉషఃకాలమున భూకంపముచే కంపించిపోయెను. ఆ నగర పరిసరములలో అయిదువేలకు పైబడి జనులు మరణించిరి. కూలిన గృహముల పునర్నిర్మాణ మింకను సాగుచున్న ఆ సంవత్సరముననే, నవంబరు 6 నుండి 9 వరకు, అచటి గజమద విశ్వవిద్యాలయమున ఒక చిన్న సభ జరిగెను. ఊరేగింపులు లేవు, పతాకములు లేవు, దేశాధిపతుల సందేశములు లేవు. న్యాయమూర్తులు, ఆచార్యులు, ఐక్యరాజ్యసమితి నియమించిన ప్రత్యేక పరిశీలకులు, తమ దేశములలో అవమానములకును దెబ్బలకును ఓర్చి పనిచేయుచున్న ఉద్యమకారులు ఒక బల్లచుట్టు కూర్చుండి వాక్యములను దిద్దిరి, కొట్టివేసిరి, మరల వ్రాసిరి. స్వలింగ ప్రేమికులకును, ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకును మానవ హక్కులు కలవాయను ప్రశ్నకు ప్రపంచ న్యాయశాస్త్రము ఏమని యుత్తర మీయగలదో అక్షరబద్ధము చేయుటయే వారు చేపట్టిన కార్యము. ‘యోగ్యకర్త సూత్రములు’ అను పేర నేడు న్యాయవాదు లుదాహరించు గ్రంథము ఆ సభా ఫలమే.

ఈ నాలుగు దినముల వెనుక దాదాపు ముప్పది యేండ్ల చరిత్ర కలదు. 1978 ఆగస్టులో ఇంగ్లండులోని కొవెంట్రీ నగరమున కొన్ని దేశముల కార్యకర్తలు సమావేశమై ఒక అంతర్జాతీయ సంఘమును స్థాపించిరి. నేడు ‘ఇల్గా’ అను పేర ప్రసిద్ధమైనది అదియే. 1990 మే 17న ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ప్రేమను రోగముల పట్టికనుండి తొలగించెను. 1994లో, స్వలింగ సంబంధమును నేరముగా నెంచు, ఆస్ట్రేలియాకు చెందిన టాస్మేనియా రాష్ట్రపు శిక్షాస్మృతిపై నికొలస్ టూనెన్ అను నతడు చేసికొన్న ఫిర్యాదును విచారించి, అట్టి చట్టము వ్యక్తి గోప్యతకు భంగకరమని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ అభిప్రాయపడెను. ఆ మరుసటి యేడు బీజింగులో జరిగిన మహిళా మహాసభలో దక్షిణాఫ్రికా యువతి బెవర్లీ పలేసా డిట్సీ వేదిక నెక్కి, లెస్బియన్ల హక్కులను స్త్రీల హక్కులలో చేర్పుడని నిర్భయముగా పలికెను. ఇన్ని జరిగినను ప్రభుత్వముల మనస్సు కరగలేదు. 2003లో బ్రెజిల్ దేశము జెనీవాలో, లైంగిక ధోరణినిబట్టి ఎవ్వరి హక్కులను హరింపరాదను తీర్మానమును ప్రతిపాదించినప్పుడు, పాకిస్తాను మున్నగు దేశములు అడ్డుపడెను, వాటికన్ వ్యతిరేకించెను. వాయిదాలపై వాయిదాలుపడి తుదకు ఆ తీర్మానము వోటింగు మొగము చూడకయే అంతరించెను.

ఇట్టి పరాభవము తరువాత ఉద్యమకారులు తొక్కిన మార్గమే నన్నాకర్షించినది. క్రొత్త ఒడంబడిక కావలెనని వారు మరల దేశముల గడప లెక్కలేదు. హక్కులను గూర్చిన ఒడంబడికలు వెనుకటినుండియు కలవు. వానిపై దేశములు సంతకములు చేసియున్నవి. జీవించు హక్కు ‘ప్రతి మనుష్యునికి’ కలదని 1948 నాటి మానవ హక్కుల విశ్వజనీన ప్రకటనయే చెప్పినది. ఆ ప్రతి మనుష్యునిలో వీరు కలరా, లేరా? కలరన్నచో, ఆ పాత శాసనములు వీరి విషయమున ఏ యర్థము నిచ్చుచున్నవో విప్పి చెప్పినచో చాలును. జెనీవా కేంద్రముగా గల అంతర్జాతీయ న్యాయవేత్తల సంఘమును, మానవ హక్కుల అంతర్జాతీయ సేవాసంస్థయును ఈ కార్యభారమును వహించెను. బ్రెజిలుకు చెందిన సోనియా కొరేయా, థాయిలాండుకు చెందిన వితిత్ ముంతర్‌భోర్న్ సహాధ్యక్షులైరి. వాదప్రతివాదముల సారమును క్రోడీకరించు పని ఐర్లండు న్యాయశాస్త్రాచార్యుడు మైకేల్ ఓ ఫ్లాహర్టీ భుజములపై పడెను.

సూత్రములు 29; వానిక్రింద సంతకము చేసినవారును 29 మందియే, 25 దేశములవారు. ఆ నామావళిని చదువుచుండగా కొన్ని పేర్లవద్ద కన్ను నిలిచిపోవును. లాహోరు న్యాయవాదిని అస్మా జహంగీర్ వారిలో ఒకతె. ఏ దేశపు ప్రతినిధులు జెనీవాలో తీర్మానమునకు అడ్డుపడిరో, ఆ దేశపు పుత్రికయే ఇచట సంతకము చేసినది. ఆమె అప్పుడు ఐక్యరాజ్యసమితి పక్షమున మతస్వేచ్ఛపై ప్రత్యేక పరిశీలకురాలు. మతమునకును ఈ హక్కులకును బద్ధవైరమని వాదించువారికి ఇంతకంటె ప్రత్యుత్తరము వేఱేల? దక్షిణాఫ్రికా న్యాయమూర్తి ఎడ్విన్ కామెరన్ మఱొకడు. తాను స్వలింగ ప్రేమికుడ నని దాచక, తనకు హెచ్‌ఐవీ సోకిన దని న్యాయపీఠముపై నుండగనే లోకమునకు చాటిన ధీరుడు. ఐర్లండు మాజీ అధ్యక్షురాలు మేరీ రాబిన్సన్ ఒకతె. నేపాలునుండి సునీల్ బాబు పంత్, భారతదేశమునుండి మిలూన్ కోఠారి. ఈ కోఠారి ఐక్యరాజ్యసమితికి నివాస హక్కుపై పరిశీలకుడు కావుననే, ఇల్లు అద్దెకు దొరకని వేదనను గూర్చిన పదునైదవ సూత్రమును చదువునప్పుడు నాకాయన గుర్తునకు వచ్చుచుండును. లింగ గుర్తింపు కారణముగా ఇంటినుండి వెడలగొట్టబడిన బిడ్డకు తల దాచుకొను చోటు చూపుట రాజ్యధర్మమని ఆ సూత్రముయొక్క తాత్పర్యము.

గ్రంథముయొక్క కూర్పు సరళమైనది. ప్రతి సూత్రము మొదట హక్కును నిర్వచించును. పిదప దానిని కాపాడుటకు రాజ్యము చేయవలసిన పనులను వరుసగా పేర్కొనును. జీవితము, గోప్యత, న్యాయవిచారణ, ఉద్యోగము, విద్య, వైద్యము, వాక్స్వాతంత్ర్యము, ఆశ్రయము కోరి పరదేశమునకు పోవుట మున్నగు విషయము లన్నియు నందు కలవు. వీనిలో మూడవ సూత్రము మకుటాయమానమని నా యభిప్రాయము. వ్యక్తి తాను ఏ లింగమునకు చెందినదని అంతరంగమున ఎఱుగునో దానిని చట్టము గుర్తింపవలె ననియు, అందుకై శస్త్రచికిత్సనుగాని, సంతానశక్తిని నశింపజేయు చికిత్సనుగాని, హార్మోను మందులనుగాని నిబంధనగా విధింపరా దనియు అది శాసించుచున్నది. ఆనాడు నాగరికత కాటపట్లని పేరొందిన ఐరోపా దేశములు పెక్కింటిలో సైతము, శరీరమును కత్తికి అప్పగించిననే కాని పత్రములలో లింగము మారెడిది కాదు. పదునెనిమిదవ సూత్రము వైద్యమును గూర్చినది: లైంగిక ధోరణి రోగము కాదు గనుక దానికి చికిత్స లేదు, చేయరాదు.

వివాహ విషయమున మాత్రము వారు మిక్కిలి జాగరూకతతో మెలగిరి. కుటుంబమును గూర్చిన ఇరువదినాల్గవ సూత్రము స్వలింగ వివాహమును ప్రతి దేశమును అంగీకరించి తీరవలెనని చెప్పదు. అంగీకరించిన దేశములలో ఆ దంపతులకు తక్కిన దంపతులతో సమానమైన లాభములు కలుగవలెనని మాత్రమే చెప్పును. ఉత్సాహవంతులైన యువకులకు ఇది పిఱికితనముగా తోచెనేమో! కాని నాటికి అంతర్జాతీయ న్యాయము ఎంతవరకు వచ్చినదో అంతవరకే వ్రాయుదుమని ప్రతిన పూనినవారు ఒక్క అడుగు ముందుకు వేసినను తక్కిన ఇరువదియెనిమిది సూత్రముల ప్రామాణ్యమును సందేహాస్పద మయ్యెడిది. ఆ నిగ్రహమే గ్రంథమునకు ఆయువు పోసినది.

2007 మార్చి 26న జెనీవాలో సూత్రములు లోకమునకు వెల్లడింపబడెను. వెంటనే ప్రశ్న పుట్టెను: వీనికి గల బలమెంత? ఏ రాజ్యమును దీనిపై సంతకము చేయలేదు. ఏ పార్లమెంటును దీనిని ఆమోదింపలేదు. 29 మంది విద్వాంసుల మాట ప్రభుత్వములను బంధించుట యెట్లు? ప్రశ్న న్యాయమైనదే. కాని మన దేశపు ధర్మశాస్త్ర చరిత్ర నెఱిగినవారికి దీని యుత్తరము కష్టమైనది కాదు. కల్యాణి చాళుక్యుల కాలమున విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి మితాక్షర యను వ్యాఖ్యానమును రచించెను. ఆయన క్రొత్త ధర్మమును సృష్టించితినని చెప్పుకొనలేదు, ఉన్న స్మృతికి అర్థము చెప్పెను. అయినను తరువాతి శతాబ్దములలో దాయభాగ వివాదములు తీర్చునప్పుడు న్యాయస్థానములు మూలముకంటె ఎక్కువగా ఆ వ్యాఖ్యానమునే విప్పి చూచినవి. యోగ్యకర్త సూత్రముల బలమును అట్టిదే. విమర్శలు లేకపోలేదు. సంతకము చేసిన ఆచార్యులలో ఒకడైన రాబర్ట్ వింటెమ్యూట్ చాలకాలము తరువాత, ఆ సభలో స్త్రీల హక్కులపై కలుగు ప్రభావము తగినంతగా చర్చింపబడలేదని బహిరంగముగా చెప్పెను. అట్టి అసమ్మతిని దాచిపెట్టుట చరిత్రకారునకు తగదు.

ఈ సూత్రములు పుట్టిన గడ్డపై వాని గతి యేమైనదో చెప్పుటకు మనసు రాదు. 2010 మార్చిలో అదే జావా ద్వీపమున, సురబయ నగరమున, ఆసియా ఖండపు ఉద్యమకారులు మహాసభ జరుపబూనగా పోలీసులు అనుమతి నిరాకరించిరి, మతచ్ఛాందసులు ప్రతినిధులు దిగిన హోటలును ముట్టడించిరి, సభ రద్దయ్యెను. ట్రాన్స్‌జెండర్ స్త్రీలను ఆ దేశమున ‘వారియా’ అందురు. యోగ్యకర్తలోనే వారు ఖురాను చదువుకొనుటకు, నమాజు చేసికొనుటకు 2008లో ఒక పాఠశాలను నెలకొల్పుకొనగా, 2016లో అదియు బెదిరింపులకు లోనై తలుపులు మూసికొనవలసి వచ్చినది. భగవంతుని ప్రార్థించుకొందుమన్న వారిని ప్రార్థింపనీయకుండుట ఏ మతధర్మమో నాకు బోధపడలేదు. 2017 మేలో సుమత్రా ద్వీపపు అచే ప్రాంతమున స్వలింగ సంబంధము నెపమున ఇద్దఱు యువకులను జనసమక్షమున బెత్తముతో ఒక్కొక్కరిని 83 మారులు కొట్టిరి.

ఇంట గెలువని యీ గ్రంథము రచ్చ గెలిచినది. సంతకము చేసి స్వదేశమునకు మరలిన సునీల్ బాబు పంత్ వాదిగా నిలిచిన వ్యాజ్యమున, 2007 డిసెంబరు 21న నేపాల్ సుప్రీంకోర్టు మూడవ లింగమును గుర్తింపవలసినదిగా ప్రభుత్వము నాజ్ఞాపించెను; మరుసటి యేడు పంత్ ఆ దేశపు రాజ్యాంగ పరిషత్తులో సభ్యుడయ్యెను. 2009 జూలై 2న ఢిల్లీ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఏ.పీ. షా, న్యాయమూర్తి ఎస్. మురళీధర్‌లు నాజ్ ఫౌండేషన్ వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షను వయోజనుల పరస్పర సమ్మతి సంబంధములకు వర్తింపదని తేల్చునప్పుడు ఈ సూత్రముల నిర్వచనములను ఉదాహరించిరి. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసినప్పుడు, ఇక కథ ముగిసినదని పలువురు తలపోసిరి. కాని నాలుగు మాసములు దాటిన కొలది దినములకే, 2014 ఏప్రిల్ 15న, అదే న్యాయస్థానమున వేఱొక పీఠము, న్యాయమూర్తులు కె.ఎస్. రాధాకృష్ణన్, ఏ.కె. సిక్రీలతో కూడినది, జాతీయ న్యాయసేవల సంస్థ (నల్సా) వ్యాజ్యమున ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు తమ లింగమును తామే నిర్ణయించుకొను హక్కు కలదని ప్రకటించుచు యోగ్యకర్త సూత్రములను విపులముగా చర్చించి, అవి మన ప్రాథమిక హక్కులకు విరుద్ధములు కానంతవరకు అనుసరణీయములని పలికెను. 2017లో గోప్యతను ప్రాథమిక హక్కుగా గుర్తించిన తీర్పు, 2018 సెప్టెంబరు 6న అయిదుగురు న్యాయమూర్తుల తీర్పు ఆ మార్గముననే నడచినవి. నూట యేబదియెనిమిది యేండ్ల ఆంగ్లేయ శాసనము ఆ దినముతో సమ్మత సంబంధముల విషయమున చెల్లకుండ పోయెను.

సూత్రములు వెలువడి పదేండ్లు గడచిన తరువాత, 2017 నవంబరు 10న, జెనీవాలో మఱి తొమ్మిది సూత్రములును, రాజ్యములకు 111 నూతన విధులును చేర్చబడెను. వానిలో ఒకటి మరుగుదొడ్లను గూర్చినది. నవ్వువారు నవ్వవచ్చును, బస్టాండులో పురుషుల వైపునకు పోయిన తిట్లును, స్త్రీల వైపునకు పోయిన గెంటివేతయు పాలగు మనుష్యునికి మాత్రము అది ఘనమైన హక్కే. వివాహ విషయము నాడెట్లుండెనో మన దేశమున దాదాపు అట్లే నిలిచియున్నది: 2023 అక్టోబరు 17న సుప్రీంకోర్టు స్వలింగ వివాహమును గుర్తించుటకు నిరాకరించి, ఆ భారమును చట్టసభల తలపై నుంచెను.

తెలుగువారికి ఈ చరిత్రతో గల సంబంధము హైదరాబాదు ద్వారమున ప్రవేశించును. నిజాము ప్రభుత్వము 1919లో, అనగా 1329 ఫసలీలో, హిజ్రాలను గూర్చి ఒక చట్టమును చేసెను. ఆంగ్లేయులు 1871లో నేరస్థ జాతులని కొందఱిపై ముద్రవేసిన చట్టమునకు ఇది సహోదరి వంటిది. హిజ్రాల పేర్లును నివాసములును రిజిస్టరున కెక్కవలెను. స్త్రీ వస్త్రములు ధరించి వీథిలో కనబడినను, పాడినను, ఆడినను వారంటు లేకయే పట్టుకొనవచ్చును. పదునారేండ్లలోపు బాలుడు వారి యింట నున్నచో కారాగారమే. నిజాము పోయెను, హైదరాబాదు రాష్ట్రము పోయెను, ఆంధ్రప్రదేశము ఏర్పడి విడిపోయెను. ఆ చట్టము మాత్రము పేరు మార్చుకొనుచు పుస్తకములలో జీవించియే యుండెను. హైదరాబాదు ఉద్యమకారులు 2018లో దానిపై హైకోర్టు నాశ్రయించిరి. 2023 జూలై 6న తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఉజ్జల్ భూయాన్, న్యాయమూర్తి సి.వి. భాస్కర్‌రెడ్డిలు ఆ చట్టము రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసిరి. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులకు విద్యలోను, ప్రభుత్వోద్యోగములలోను రిజర్వేషను కల్పింపవలె ననియు, ఆసరా పింఛను నీయవలె ననియు ప్రభుత్వమును ఆదేశించిరి. ఆ యాదేశములు కాగితముపై నుండి మండల కార్యాలయమువరకు దిగి వచ్చినవా లేవాయని అడుగుట ఇక ఈ రాష్ట్ర పౌరుల వంతు.