పహాణీలో పోయిన గడి

ఒక ఎండాకాలం వడగళ్ళ వాన పడి, తొండుపల్లి దగ్గర మా నాన్న పేరు మీదున్న రెండెకరాల్లో టమాటా తోటంతా పోయింది. ఆ చేను మేం దున్నం. నాన్న ఊరొదిలి ముప్ఫై ఏళ్ళయింది. కౌలుకు చేస్తున్న పెద్దాయనకి ఫోన్ చేసి, నష్టం రాయించుకోమన్నాను. "గా కాగితంల నేను లేను గద బిడ్డా, మీ నాయిన పేరుంది" అన్నాడు. రికార్డు ప్రకారం నష్టపోయిన రైతు ఆ టైముకి సిటీలో అపార్టుమెంటులో కూచుని టీవీ చూస్తున్నాడు.

ఇది ఎప్పట్నించి ఇలా ఉందో చూద్దామని వెనక్కి వెళ్ళాను.

పంట పోయిన రైతుకి సర్కారు చేయందించడం పాత పద్ధతే. మొఘలుల నాటి మాట తకావీ. బలం చేకూర్చడమనే అరబ్బీ మాటలోంచి వచ్చింది. విత్తనాలకీ ఎడ్లకీ ఇచ్చే అప్పు అది, ఊరికే ఇచ్చేది కాదు. 1876-78 కరువు బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలని తినేశాక రిచర్డ్ స్ట్రాచీ అధ్యక్షతన కమిషన్ 1880లో నివేదిక ఇచ్చింది. దాన్నుంచే 1883లో కరువు నియమావళి వచ్చింది. 1884లో రైతు అప్పుల చట్టం వచ్చింది. అన్నిట్లోకీ రైతుకి బాగా తెలిసింది శిస్తు మాఫీ. పంట పదహారణాల్లో ఎన్ని అణాలు పండిందో అంచనా వేసి మాఫీ తేల్చేవారు. ఇక్కడే మెలిక ఉంది. శిస్తు కట్టేవాడికే మాఫీ. రైత్వారీలో శిస్తు కట్టేది పట్టాదారు. అణాల లెక్క పంటని చూసేది, మాఫీ పట్టాని చూసేది.

హైదరాబాద్ రాజ్యంలో 1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారు అనే మనిషికి హక్కులిచ్చింది. 1954-55 ఖాస్రా పహాణీ ఇప్పటికీ కోర్టుల్లో సాక్ష్యంగా నిలబడుతుంది. పహాణీలో పట్టాదారుకి ఒక గడి, భూమి ఎవరి అనుభవంలో ఉందో రాయడానికి ఇంకో గడి ఉండేవి. ఆ రెండో గడి అంటేనే పట్టాదార్లకి భయం: కౌలుదారు పేరు రాస్తే భూమి పోతుందని. 2008లో శంషాబాద్‌లో ఎయిర్‌పోర్టు వచ్చాక, గుంటల్లో బేరాలాడే మా వైపు ఆ భయం ఇంకా పెరిగింది.

2011లో ఉమ్మడి రాష్ట్రం సాగుదారుల చట్టం చేసింది. కౌలుదారుకి ఏడాది కార్డు, దాంతో పంట రుణం, నష్టపరిహారం. తెలంగాణలో ఆ కార్డుల పని క్రమంగా ఆగిపోయింది. 2017లో భూ రికార్డుల ప్రక్షాళన, 2018లో ఎకరానికి సీజనుకి 4,000 చొప్పున రైతుబంధు చెక్కులు, 2020లో ధరణి. ఈ మార్పుల్లో అనుభవదారు గడి పోయింది. నా ఉద్యోగం డేటాబేసులతోనే కాబట్టి ఈ ముక్క నాకు బాగా తెలుసు: టేబుల్లోంచి కాలమ్ తీసేస్తే జవాబు తప్పు రాదు. ఆ ప్రశ్న అడగడమే కుదరదు.

కేంద్రం విపత్తు నిధి 2022-26 నిబంధనలు చూస్తే, 33 శాతం పైన నష్టముంటే వర్షాధార పంటకి హెక్టారుకి 8,500, నీటి పారుదల ఉంటే 17,000, అదీ రెండు హెక్టార్ల వరకే. 2023 మార్చి వడగళ్ళకి రాష్ట్రం ఎకరానికి 10,000 ప్రకటించింది. కౌలు రైతులకీ అందాలని ముఖ్యమంత్రి చేలో నిలబడి చెప్పారు. మంచి మాటే. కానీ కౌలు రైతెవరో చెప్పే గడి లేని చోట అది పట్టాదారు మంచితనానికి వదిలేసినట్టే.

ఆ మంచితనం ఎంతవరకో మా ఇంట్లో చూశాను. నాన్న ఆ ఏడు కౌలు వద్దన్నాడు. ఇదీ ఒక శిస్తు మాఫీయే అనుకున్నాను. మరి ఆయన పేరు ఎక్కడైనా రాయిద్దామా అని అడిగాను. నాన్న టీవీ సౌండ్ పెంచాడు. నేనూ మళ్ళీ అడగలేదు. ఆ రెండెకరాలు రేపు నా పేరు మీదకి వస్తాయి.