తాళంచెవి కొన్నంత మాత్రాన ఇల్లు మనదవుతుందా?

సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేస్తున్నానని తెలిసిన ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "వేలల్లో ఉండే విండోస్ కీ ఆన్‌లైన్లో మూడు నాలుగు వందలకే ఇస్తున్నారు. ఒరిజినలే అంటున్నారు. పనిచేస్తుందా?" అని. పనిచేస్తుందనే చెప్తాను. ఎన్నాళ్లు పనిచేస్తుందన్నదే అసలు ప్రశ్న. ఆ మాట అర్థం కావాలంటే ఈ కీ అనే వస్తువు ఎలా పుట్టిందో, ఎలా మారిందో కాస్త చూడాలి.

మొదట్లో కీ అనేదే లేదు. 1975లో ఆల్టెయిర్ కంప్యూటరుకి బిల్ గేట్స్, పాల్ ఆలెన్ కలిసి బేసిక్ రాశారు. అది చిల్లులు పొడిచిన కాగితపు టేపు మీద వచ్చేది. అమెరికాలోని కంప్యూటరు ఔత్సాహికులు ఆ టేపుకి కాపీలు తీసి ఒకరికొకరు పంచేసుకున్నారు. ఒళ్లుమండిన గేట్స్ 1976 ఫిబ్రవరిలో వాళ్లకో బహిరంగ లేఖ రాశాడు. ఆల్టెయిర్ ఉన్నవాళ్లలో పది శాతం మంది కూడా బేసిక్ కొనలేదనీ, వచ్చిన రాయల్టీని లెక్కేస్తే తమ శ్రమకి గంటకి రెండు డాలర్లు కూడా గిట్టలేదనీ దాని సారాంశం. లేఖ అయితే రాశాడు గానీ, కాపీని ఆపే సాధనం అప్పట్లో అతని దగ్గర లేదు.

తర్వాత తాళాలు వచ్చాయి. ఖరీదైన సాఫ్ట్‌వేర్లకి ప్రింటరు పోర్టుకి తగిలించే డాంగిల్ ఇచ్చేవాళ్లు. మామూలు వాటికి సీడీ డబ్బా మీద అంకెలు. ఆ అంకెల తాళం ఎంత గట్టిదో తెలుసా? విండోస్ 95 రిటైల్ కీలో చివరి ఏడంకెలు కూడితే వచ్చే మొత్తం 7తో భాగిస్తే శేషం రాకూడదు. మొదటి మూడంకెలు 333, 444 లాంటి కొన్ని కాకూడదు. స్థూలంగా అంతే! 111-1111111 అని కొట్టినా మారుమాట్లాడకుండా తలుపు తీసేది. అప్పటి కీ అంటే చిన్న లెక్క. ఎవరు కొన్నారు, ఎన్నిసార్లు వాడారు అని అడిగే నాథుడు లేడు. మన దగ్గర అసెంబుల్డ్ కంప్యూటరు కొంటే విండోస్ దానంతట అదే లోపల ఉండేది. బిల్లులో దాని ఊసే ఉండేది కాదు. దాన్ని దొంగతనం అని ఎవరూ అనుకోలేదు కూడా.

ఈ కథలో అసలు మలుపు 2001 అక్టోబరులో విడుదలైన విండోస్ ఎక్స్‌పీ. దీనితో "యాక్టివేషన్" వచ్చింది. కీ సరైనదైతే చాలదు. మీ కంప్యూటరు వివరాల నుంచి తయారైన ఒక సంఖ్య మైక్రోసాఫ్ట్‌కి చేరాలి, వాళ్లు సరేననాలి. పెద్ద కంపెనీలు వేల మిషన్లలో వేసుకోవాలి కాబట్టి వాళ్ల వాల్యూమ్ కీలకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. సరిగ్గా అక్కడే చిల్లు పడింది. ఎఫ్‌సీకేజీడబ్ల్యూ అనే అక్షరాలతో మొదలయ్యే ఒక కంపెనీ కీ, ఎక్స్‌పీ విడుదలకి కొన్ని వారాల ముందే బయటికి పొక్కింది. సీడీల మీద మార్కర్‌తో ఆ కీ రాసి ప్రపంచమంతా చేతులు మార్చుకుంది. 2002లో వచ్చిన మొదటి సర్వీస్ ప్యాక్ ఆ కీని గుర్తుపట్టి, ఎక్కనని మొరాయించింది.

ఈ మార్పు చాలామంది పట్టించుకోలేదు గానీ చాలా పెద్దది. అంతకు ముందు కీ అంటే తాళంచెవి, ఎవరి చేతిలో ఉంటే వాళ్లది. ఎక్స్‌పీ తర్వాత కీ అంటే ఎక్కడో సర్వర్లో ఉన్న రిజిస్టరులో ఒక పద్దు. ఆ రిజిస్టరు మన చేతిలో లేదు. ఏ రోజైనా ఆ పద్దు కొట్టేయొచ్చు. పొరపాటున కూడా కొట్టేయొచ్చు! 2007 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ సర్వర్లలో ఎవరో పరీక్ష దశలో ఉన్న కోడ్ పెట్టేస్తే, డబ్బులు పోసి కొనుక్కున్న వేలమందిని కూడా దాదాపు పంతొమ్మిది గంటలపాటు దొంగలుగా లెక్కగట్టింది. అసలు కొన్నవాళ్ల గతే అదైతే, చౌక కీ కొన్నవాళ్ల సంగతి చెప్పాలా?

మరి ఈ చౌక కీలు ఎక్కణ్ణుంచి వస్తాయి? ఫ్యాక్టరీ నుంచి తగ్గింపు ధరకి మాత్రం రావు. పాత పనికిరాని కంప్యూటర్ల మీద స్టిక్కర్లు పీకి అమ్మినవి కొన్ని. పరీక్షల కోసం డెవలపర్లకిచ్చినవి కొన్ని. ఏదో కంపెనీ కీని ముక్కలుచేసి అమ్మేవి ఇంకొన్ని. విస్టా వచ్చాక కంపెనీలకీ యాక్టివేషను పెట్టారు కదా, వాటిలో ఎంఏకే అనే రకం కీ ఒకటే ఇన్నిసార్లని పరిమితితో పనిచేస్తుంది. ఆ ఒక్క కీనే వందమందికి అమ్ముతారు. ఒకే ప్లాటుని నలుగురికి రిజిస్ట్రేషన్ చేసినట్టన్నమాట. లెక్క నిండితేనో, కంపెనీవాళ్లు చూసుకుంటేనో కీ బ్లాకవుతుంది. కేఎంఎస్ అనే రెండో రకం 180 రోజుల్లోపు ఒక సర్వరుకి మళ్లీ హాజరు వేయించుకోవాలి. ఆ సర్వరు అమ్మినవాడిదైతే, వాడు దుకాణం ఎత్తేసిన ఆరునెలల్లోపే మనది మూత.

శుద్ధ దొంగ కీలు వేరే. దొంగిలించిన క్రెడిట్ కార్డుతో కీలు కొని, సగం ధరకి అమ్మేస్తారు. కార్డు అసలు యజమాని బ్యాంకుకి ఫిర్యాదు చేస్తే సాఫ్ట్‌వేరు రాసినవాడు డబ్బు వెనక్కివ్వాలి, పైగా ఆ ఫీజూ తనే కట్టుకోవాలి. ఫ్యాక్టోరియో అనే ఆట తయారుచేసిన చెక్ కంపెనీ వూబ్‌కి ఇదే జరిగింది. జీ2ఏ అనే సంతలో 2016లో అమ్ముడైన వాళ్ల కీలలో 198 దొంగవని విచారణలో తేలి, 2020లో జీ2ఏ వాళ్లకి 39,600 డాలర్లు చెల్లించింది.

ఇక ఇంటిదొంగలు. అవాయా అనే ఫోన్ సిస్టమ్స్ కంపెనీలో కస్టమర్ సర్వీసు ఉద్యోగి ఒకాయన తనకున్న అడ్మిన్ హక్కులతో పదుల వేల లైసెన్సు కీలు పుట్టించాడు. భార్య, ఒక డీలరు తోడయ్యారు. సరుకు విలువ 88 మిలియన్ డాలర్ల పైమాటేనని అమెరికా ప్రాసిక్యూటర్లు తేల్చారు. 2022లో కేసు, 2024లో ఆయనకి నాలుగేళ్ల జైలు. గమనించండి, ఆ కీలు నకిలీవి కావు. కంపెనీ సొంత యంత్రం నుంచే వచ్చాయి. అమ్మిన డీలరు కూడా ఒకప్పుడు అధీకృతుడే, తర్వాత ఆ హోదా పోయింది. కొన్నవాడికి తేడా ఎలా తెలుస్తుంది?

"మాది చట్టబద్ధమే, యూరప్ కోర్టు తీర్పుంది" అని కొందరు అమ్మకందార్లు దబాయిస్తుంటారు. తీర్పు ఉన్నమాట నిజమే. 2012 జులై 3న యూజ్డ్‌సాఫ్ట్, ఒరాకిల్ కేసులో వచ్చింది. వాడిన సాఫ్ట్‌వేరు లైసెన్సుని తిరిగి అమ్ముకోవచ్చంది. కానీ అదే తీర్పు, మొదటి యజమాని తన కాపీని పనికిరాకుండా చేయాలనీ, మూకుమ్మడిగా కొన్న లైసెన్సుని ముక్కలుచేసి అమ్మకూడదనీ కూడా చెప్పింది. ఆ రెండో సగం వీళ్లెవరూ చదివి వినిపించరు. పైగా అది యూరప్ చట్టం, మనది కాదు.

మన చట్టం సంగతి చూడండి. కాపీరైట్ చట్టంలో 1994 సవరణతో చేరిన 63బి సెక్షను ప్రకారం, అక్రమ కాపీ అని తెలిసీ ప్రోగ్రాము వాడితే ఏడు రోజుల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా. లాభం కోసమో వ్యాపారంలోనో వాడనివాళ్లకి జైలు మినహాయించే వీలుంది. ఇంట్లో సినిమాలు చూసుకునేవాడి సంగతి ఎలా ఉన్నా, డీటీపీ సెంటరో, ఆడిటరు ఆఫీసో నడిపేవాళ్లకి ఇది నవ్వులాట కాదు.

నన్నడిగితే జైలు కన్నా దగ్గరి ప్రమాదం వేరే ఉంది. కీతో పాటు అమ్మినవాడు ఇన్‌స్టాలేషన్ లింకు పంపిస్తాడు. "యాంటీవైరస్ కాసేపు ఆపండి" అంటాడు. ఆ మాట వినగానే ఆ కిటికీ మూసేయండి. ఇంకొందరు కీ కూడా ఇవ్వరు, "లైఫ్‌టైమ్ ఆఫీస్" పేరుతో యూజర్ నేమూ పాస్‌వర్డూ ఇస్తారు. ఏడాదికేడాది చందా కట్టాల్సిన దానికి జీవితకాలం ఎక్కడిది? ఆ ఖాతాకి అడ్మిన్ ఎవరో మీకు తెలియదు. మీరు అందులో దాచుకున్న ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాలు అతను తెరిచి చూడగలడు.

నన్ను బాధపెట్టేది ఒక్కటే. ఒకప్పుడు పైరేటెడ్ సీడీ కొన్నవాడికి తను చేసేదేమిటో తెలుసు. ఇప్పుడీ కీ కొనేవాడు నిజాయితీగా ఉందామనుకునే డబ్బులు కడుతున్నాడు. ఆ నిజాయితీ మీదే వ్యాపారం జరుగుతోంది. రాసినవాడికి పైసా రాదు, కొన్నవాడికి హక్కు రాదు, మధ్యవాడికి మాత్రం గిట్టుబాటు.

అసలు ధర మన జీతాలకి ఎక్కువే, ఒప్పుకుంటాను. అయితే దారులున్నాయి. విండోస్‌తో వచ్చే ల్యాప్‌టాప్ కొంటే లైసెన్సు అందులోనే ఉంటుంది. ఉత్తరాలకీ లెక్కలకీ లిబ్రే ఆఫీస్ ఉచితం, తెలుగు కూడా చక్కగా రాస్తుంది. పాత మిషన్లకి లినక్స్ ఉంది. ఇవేవీ కుదరక కొనాల్సే వస్తే ఎవరు అమ్ముతున్నారు, ఎవరి పేరు మీద బిల్లు ఇస్తారు అని అడగండి. ప్లాటు కొనేముందు ఈసీ తీయిస్తాం కదా, ఇదీ అంతే. లైసెన్సు అంటే హక్కు, కీ దానికి గుర్తు మాత్రమే. హక్కు లేనివాడు గుర్తు అమ్మితే, మనం కొన్నది ఎవరో రిజిస్టరు తిరగేసేదాకా గడువు, అంతే.