కారవాన్ యాత్ర (పుదుచ్చేరి)

కారవాన్ యాత్ర: శయ్య, వంటిల్లు, స్నానగృహము మున్నగు వసతులు గల మోటారు వాహనమునందే నివసించుచు చేయు దేశాటనము. 1830–31 సంవత్సరములలో ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్టణమునుండి కాశికి డేరాలతోను పరివారముతోను మజిలీలు చేయుచు సాగించిన యాత్ర, ఇట్టి సంచారమునకు తెలుగువారి యందలి పూర్వరూపమని చెప్పదగును.

మార్గము, మజిలీలు: చెన్నపట్టణమునుండి సుమారు 150 కిలోమీటర్ల తూర్పుతీరపు రహదారి, మామల్లపురమును, మరక్కాణము ఉప్పుమళ్లను దాటి పుదుచ్చేరిని చేరును. ఫ్రెంచివారి కాలపు వీథులు పెద్ద వాహనములకు ఇరుకగుటచే, బండిని వెలుపల నిలిపి, సముద్రతీరవీథిని కాలినడకను దర్శించుట మేలు. దక్షిణమున చున్నాంబారు నదీముఖమును, 1945లో మార్టిమర్ వీలర్ త్రవ్వకములు జరిపిన అరికమేడును, ఉత్తరమున 1968లో స్థాపితమైన ఆరోవిల్ యొక్క ఎఱ్ఱమట్టి వనమార్గములును పాదచారులకు ఆనందదాయకములు.

వాహనరక్షణ: సముద్రపు ఉప్పుగాలి ఇనుమును శీఘ్రముగా త్రుప్పు పట్టించును గావున, బండి అడుగుభాగమును మంచినీట కడిగి, బ్యాటరీ కొనలకు గ్రీసు పూయవలెను. ఇంజను మిక్కిలి వేడెక్కినచో, అది చల్లారువఱకు రేడియేటరు మూతను తెఱవరాదు. అక్టోబరునుండి డిసెంబరు వఱకు ఈశాన్య ఋతుపవనములు వర్షములను, ఒక్కొక్కప్పుడు తుపానులను తెచ్చును. కావున జనవరి, ఫిబ్రవరి మాసములు యాత్రికునకు ప్రశస్తములు.