పోపుల డబ్బాలో పావలాలు

"పావలా అంటే ఎంతమ్మా?" అని మొన్న మా అబ్బాయి అడిగాడు. "ఇరవై అయిదు పైసలురా" అన్నాను. "మరి పైసా అంటే?" అన్నాడు. నవ్వొచ్చింది. ఆ వెంటనే అమ్మమ్మ గుర్తొచ్చి మనసు చివుక్కుమంది.

నాణేలకి ప్రభుత్వం పెట్టే పేరు ఒకటి, జనం పిలిచే పేరు ఇంకొకటి. రూపాయిలో పావు కాబట్టి పావలా. మన పాత లెక్కల్లో కాణీ అంటే అరవైనాలుగో వంతు. రూపాయికి అరవైనాలుగు కాణీలు, అదే దాని పేరయింది. 1943లో, యుద్ధం రోజుల్లో, లోహం ఆదా చేయడానికి మధ్యలో చిల్లు పెట్టి దాన్ని ముద్రించారు. ఇంకేం, అది చిల్లుకాణీ అయి కూర్చుంది! వాళ్ళమ్మ వాటిని దారానికి గుచ్చి దాచేదని అమ్మమ్మ చెప్పేది.

1957 ఏప్రిల్ 1న రూపాయికి పదహారణాలు పోయి వంద నయాపైసలు వచ్చాయి. నాలుగణాలకి సరిగ్గా ఇరవై అయిదు పైసలు కాబట్టి పావలా పేరు బతికిపోయింది. బేడ అంటే రెండణాలు, అంటే పన్నెండున్నర పైసలు. అంత విలువకి నాణెం ఏదీ? అందుకే బేడ మాయమైంది. అణా కూడా అంతే. పాపం, "పదహారణాల తెలుగు ఆడపడుచు" అన్న మాటలో మాత్రం మిగిలింది.

పావలా నాణెం పోయింది 2011 జూన్ నెలాఖరులో. ఆ నెలలోనే అమ్మమ్మ ఫోన్ చేసి, "పావలాలు చెల్లవటగా, నా దగ్గరున్నవి బ్యాంకులో మార్చిపెట్టవే" అంది. "ఎంతుంటాయి అమ్మమ్మా, పదో పరకో! వదిలెయ్" అని నవ్వేశాను. తను మళ్ళీ అడగలేదు.

అమ్మమ్మ పోయాక వంటింటి అటక మీద పాత పోపుల డబ్బా దొరికింది. నూట ముప్పై రెండు పావలాలు. ముప్పై మూడు రూపాయలు. చేతికి జీతం రాని మనిషి, పాలవాడి దగ్గరా కూరల దగ్గరా మిగిల్చి, ఎవరికీ చెప్పకుండా కూడబెట్టుకున్న సొంత డబ్బు. దాన్ని నేను పదో పరకో అన్నాను.

ఆ డబ్బా ఇప్పుడు నా దగ్గరే ఉంది. అందులోంచి ఒకటి తీసి మావాడి అరచేతిలో పెట్టాను. "ఇదిరా పావలా. మా అమ్మమ్మది" అన్నాను.