సరిహద్దు దాటిన వారెంటు: హోసూరు–కృష్ణగిరి ప్రాంతంలో అంతర్రాష్ట్ర అరెస్టు విధానం

తమిళనాడులోని హోసూరు శివారున ఉన్న జూజువాడి దాటితే కర్ణాటకలోని అత్తిబెలె. అక్కడ కేసున్న మనిషి ఇక్కడ దొరికితే ఆ పోలీసులు వచ్చి పట్టుకెళ్లవచ్చా? వెళ్లవచ్చు. రాజ్యాంగంలో నేరస్థుల అప్పగింత కేంద్ర జాబితాలోని 18వ అంశం. అది పరదేశాలతో వ్యవహారం. రాష్ట్రాల మధ్య అప్పగింత లేదు. దానికి బదులు అరెస్టయిన చోటే ఒక అధికారి ముందు హాజరుపరచాలనే నియమం ఉంది. సరిహద్దుకు దగ్గరయ్యేకొద్దీ ఈ రక్షణ పలచబడుతోందన్నది ఈ వ్యాసం వాదన.

ఒకప్పుడు ఇక్కడ అప్పగింత నిజంగానే ఉండేది. 1799లో టిప్పు పతనం తర్వాత హోసూరు కంపెనీ పాలనలోకి వచ్చి సేలం జిల్లాలో చేరింది. సరిహద్దు అవతలి ఆనేకల్ మైసూరు సంస్థానంలో ఉండిపోయింది. మైసూరు కోర్టు వారెంటు హోసూరులో నేరుగా చెల్లేది కాదు. 1903 నాటి ఇండియన్ ఎక్స్‌ట్రడిషన్ చట్టం 7వ సెక్షను ప్రకారం పొలిటికల్ ఏజెంటు, అంటే మైసూరులో రెసిడెంటు, నిందితుడున్న జిల్లా మేజిస్ట్రేటు పేర వారెంటు పంపాలి. దాన్ని రద్దుచేసే అధికారం 15వ సెక్షను కింద ప్రభుత్వానికి ఉండేది. అమెరికాలో ఇలాంటి పద్ధతి ఇప్పటికీ ఉంది. అక్కడ ఒక రాష్ట్రం కోరితే మరో రాష్ట్ర గవర్నరు వారెంటు ఇవ్వాలి. కోర్టులు గవర్నరును బలవంతపెట్టలేవన్న 1861 నాటి తీర్పును అక్కడి సుప్రీంకోర్టు 1987లో తోసిపుచ్చింది.

మన దగ్గర 1951లో క్రిమినల్ ప్రొసీజర్ కోడు మైసూరుకూ విస్తరించడంతో ఆ గోడ కూలింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 79వ సెక్షను ప్రకారం వారెంటు దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది. బయటి పోలీసులు మామూలుగా స్థానిక ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు చేతగానీ, స్టేషను అధికారి చేతగానీ దానిమీద ఆమోదం రాయించుకోవాలి; ఆలస్యమైతే మనిషి తప్పించుకుంటాడనుకుంటే అదీ అక్కర్లేదు (81వ సెక్షను). వారెంటు లేని అరెస్టయితే 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. ప్రయాణ సమయం ఇందులో కలవదు. నిందితుణ్ని తమ రాష్ట్రానికి తీసుకెళ్లేందుకు ఆ మేజిస్ట్రేటు దగ్గర తీసుకునే ఉత్తర్వునే కోర్టు వాడుకలో ట్రాన్సిట్ రిమాండు అంటారు.

అసలు చిక్కు 82వ సెక్షనులో ఉంది. జిల్లా బయట వారెంటు మీద పట్టుకున్న మనిషిని అక్కడి ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు ముందో, ఎస్పీ ముందో హాజరుపరచాలి. వారెంటు ఇచ్చిన కోర్టు అరెస్టయిన చోటికి 30 కిలోమీటర్లలోపు ఉంటే ఇది వర్తించదు. ఆనేకల్ కోర్టు హోసూరుకు 20 కిలోమీటర్లలోపే ఉంది. బెంగళూరు నగర కోర్టు 30 దాటుతుంది. కాబట్టి హోసూరు బస్టాండులో బెంగళూరు వారెంటు మీద పట్టుబడినవాడు ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు అయిన తాలూకా అధికారి ముందుకు వెళ్తాడు; ఆనేకల్ వారెంటు మీద పట్టుబడినవాడు నేరుగా రాష్ట్రం దాటిపోతాడు. మొదటివాడి విషయంలో, నేరం నాన్‌బెయిలబుల్ అయితే, ఆ అధికారి చూసేది వారెంటులోని మనిషి ఇతనేనా అన్నంతవరకే. అయినా 83వ సెక్షను కింద కృష్ణగిరి సెషన్స్ జడ్జిని బెయిలు అడిగే దారి అతనికుంది. రెండోవాడికి ఆ అవకాశం చిక్కదు.

భాష మరో సమస్య. ఇంట్లో తెలుగు, ఆఫీసులో తమిళం, అవతలి కోర్టు కాగితాల్లో కన్నడం. అరెస్టు కారణాలు నిందితుడికి అర్థమయ్యే భాషలో తెలపాలని విహాన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో స్పష్టం చేసింది. ఇక అరెస్టుకు ముందు దశకొస్తే, ప్రియా ఇందోరియా కేసులో, 2023 నవంబరులో, అదే సుప్రీంకోర్టు వేరే రాష్ట్రంలో నమోదైన కేసుకు స్థానిక కోర్టు పరిమిత ముందస్తు బెయిలు ఇవ్వవచ్చంది. అరెస్టుకు ముందు రాష్ట్ర సరిహద్దును లెక్కలోకి తీసుకున్న న్యాయం, అరెస్టయ్యాక దూరాన్నే చూడటం పొసగదు.

ఢిల్లీ హైకోర్టు 2019లో సందీప్ కుమార్ కేసులో బయటి పోలీసులు స్థానిక స్టేషనుకు తెలపాలనీ, నిందితుడికి వకీలును కలిసే వీలివ్వాలనీ చెప్పింది. మద్రాసు, కర్ణాటక హైకోర్టుల పరిధిలోనూ ఇదే పద్ధతి ఉంటే మేలు. అంతకన్నా ముఖ్యం, 30 కిలోమీటర్ల మినహాయింపును ఒకే రాష్ట్రంలోని జిల్లాలకు పరిమితం చేయడం. దీనివల్ల పోలీసులకు పట్టేది కొన్ని గంటలే. హోసూరు మనిషికి తన జిల్లా కోర్టు తలుపు తట్టే హక్కు దక్కుతుంది.