అట్టికస్‌ను మార్చిన పాఠకురాలు

హార్పర్ లీ మొదట రాసిన నవలలో ఒక ఒంటిచేతి నల్లజాతి యువకుడు నిర్దోషిగా బయటపడతాడు. ఆ కేసు కూడా ఎప్పుడో జరిగిపోయిన సంగతిగా ఒకచోట వచ్చి పోతుంది, అంతే. లోకానికి తెలిసిన ‘టు కిల్ ఎ మాకింగ్ బర్డ్’లో కథంతా ఆ కేసు చుట్టూనే తిరుగుతుంది. అందులో జ్యూరీ అతన్ని దోషి అంటుంది. జైలు కంచె ఎక్కి పారిపోబోతుంటే కాపలావాళ్లు అతని ఒంట్లో పదిహేడు తూటాలు దింపుతారు. రచయిత్రి ఒకరే. ఊరూ అదే, తండ్రీకూతుళ్లూ వాళ్లే. ఈ రెండు రాతప్రతుల మధ్య జరిగిందల్లా ఒక్కటే: చదివినామె ఒకరు తన అభిప్రాయం చెప్పారు.

అలబామా రాష్ట్రంలోని మన్రోవిల్ అనే చిన్న ఊళ్లో 1926లో పుట్టింది లీ. తండ్రి అమాసా కోల్మన్ లీ లాయరు, ఊరి పత్రికకు ఎడిటరు, కొన్నేళ్లు రాష్ట్ర శాసనసభ్యుడు కూడా. హత్య కేసులో ఇరుక్కున్న ఇద్దరు నల్లవాళ్ల తరఫున 1919లో ఆయన వాదించాడు. ఇద్దరినీ ఉరి తీశారు. ఆ తర్వాత ఆయన మళ్లీ క్రిమినల్ కేసు ముట్టుకోలేదంటారు. కూతురు లా చదువు మధ్యలో వదిలేసి 1949లో న్యూయార్క్ వెళ్లిపోయింది. విమానాల కంపెనీలో టికెట్లు బుక్ చేసే ఉద్యోగం చేస్తూ రాత్రిళ్లు రాసుకునేది. మైకేల్ బ్రౌన్, జాయ్ బ్రౌన్ దంపతులు ఆమెకు స్నేహితులు. 1956 క్రిస్మస్‌కు వాళ్లు ఆమె చేతిలో ఒక కవరు పెట్టారు. ఏడాదిపాటు ఉద్యోగం మాని రాసుకోవడానికి సరిపడా డబ్బు అది. కొన్ని నెలల్లో ‘గో సెట్ ఎ వాచ్‌మన్’ అనే రాతప్రతి లిపిన్‌కాట్ ప్రచురణ సంస్థకు చేరింది.

అక్కడ దాన్ని చదివినామె టే హోహాఫ్. బ్రూక్లిన్‌లో క్వేకర్ కుటుంబంలో పెరిగింది. న్యూయార్క్ పేదవాడల్లో పనిచేసిన సంఘసంస్కర్త జాన్ లవ్‌జాయ్ ఇలియట్ జీవితచరిత్ర రాస్తున్నదీ ఆ రోజుల్లోనే. ఆమె ముందున్న కథ ఇది: ఇరవై ఆరేళ్ల జీన్ లూయీస్ న్యూయార్క్ నుంచి సొంతూరికి వస్తుంది. దేవుడనుకున్న తండ్రి అట్టికస్ ఫించ్, నల్లపిల్లలకూ తెల్లపిల్లలకూ ఒకే బడి వద్దనే సిటిజన్స్ కౌన్సిల్ సమావేశంలో కూర్చుని ఉండటం కళ్లారా చూస్తుంది. తండ్రీకూతుళ్లు మాటామాటా అనుకుంటారు. 1950ల దక్షిణాదిలో ఎన్నో ఇళ్లలో నిజంగా జరుగుతున్న గొడవే అది.

హోహాఫ్‌కు రచయిత్రి నచ్చింది, నవల నచ్చలేదు. పిట్టకథలు వరస పెట్టినట్టుంది తప్ప నవలగా కుదరలేదనుకుంది. అందులో ఆమెను పట్టుకున్నవి జీన్ లూయీస్ చిన్ననాటి జ్ఞాపకాలు. వాటినే పట్టుకుని వెనక్కి వెళ్లమంది. అలా కథ 1930లకు వెళ్లింది. జీన్ లూయీస్ ఆరేళ్ల స్కౌట్ అయింది. లీ చిన్నప్పుడు పక్కింటికి వేసవి సెలవులకు వచ్చే నేస్తం ట్రూమన్ కపోటి, డిల్ అనే పాత్రగా కథలో నిలిచాడు. 1931లో తొమ్మిదిమంది నల్లకుర్రాళ్ల మీద పెట్టిన స్కాట్స్‌బరో కేసు, 1934లో మన్రోవిల్‌లోనే తెల్లామెను చెరిచాడన్న ఆరోపణ మీద వాల్టర్ లెట్ అనే నల్లజాతి కూలీకి పడిన మరణశిక్ష, ఇవన్నీ ఆ కాలపు గాలిలో ఉన్నవే. లెట్ శిక్షను తర్వాత యావజ్జీవానికి తగ్గించారు. మతి చెడి, 1937లో కస్టడీలోనే పోయాడు.

తిరగరాయడానికి రెండేళ్లకు పైగా పట్టింది. ఒక చలికాలపు రాత్రి విసిగిపోయి కాగితాలన్నీ కిటికీలోంచి మంచులోకి విసిరేసి, ఏడుస్తూ హోహాఫ్‌కు ఫోన్ చేసిందట లీ. వెంటనే వెళ్లి ఏరుకు రమ్మని ఎడిటరు గద్దించిందట. ఈ కథను అందరూ ముచ్చటగా చెప్పుకుంటారు. నాకు మాత్రం అంతకన్నా ముచ్చటైనది వేరొకటి ఉంది. హోహాఫ్ సలహాతో కథ ఇరవై ఏళ్లు వెనక్కి జరిగేసరికి తండ్రీకూతుళ్ల గొడవ మాయమైపోయింది. ఆరేళ్ల పిల్లకు తండ్రి తప్పులు కనబడవు. తెల్లదొరల మీటింగుకు వెళ్లే అట్టికస్ పోయి, పిచ్చికుక్కను ఒక్క దెబ్బకు కాల్చి, లించింగ్‌కు వచ్చిన గుంపుకు అడ్డంగా జైలు గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్న అట్టికస్ వచ్చాడు. 1960 తర్వాత పాఠకులు ఈ నవలను ప్రేమించినా, దానితో పోట్లాడినా, కారణం ఈ మార్పే.

పుస్తకం 1960 జులై 11న వచ్చింది. అప్పటికి అయిదు నెలల ముందే గ్రీన్స్‌బరోలో నల్లజాతి విద్యార్థులు తెల్లవాళ్ల భోజనశాలలో కూర్చుని లేవమని మొండికేశారు. అలాంటి వేళ దక్షిణాది నుంచి ఒక మంచి తెల్లమనిషి కథ వచ్చింది. ఆ ఊరి అన్యాయం 1930ల నాటిది, దాన్ని తిడితే పక్కింటివాడు ఉడుక్కోడు. ‘వాచ్‌మన్’ అచ్చయి ఉంటే ఆ సౌకర్యం ఉండేది కాదు. రీడర్స్ డైజెస్ట్ కుదించి వేసింది, లిటరరీ గిల్డ్ ఎంపిక చేసింది, 1961లో పులిట్జర్ వచ్చింది. 1962 చివర సినిమా వచ్చింది. అట్టికస్‌గా వేసిన గ్రెగరీ పెక్‌కు ఆస్కార్ దక్కింది. లీ తన తండ్రి జేబు గడియారాన్ని పెక్‌కు ఇచ్చేసింది.

ఆక్షేపణలూ మొదటి రోజు నుంచే ఉన్నాయి, కానీ అవి వేరే రకం. ఆరేళ్ల పిల్ల చదువుకున్న పెద్దావిడలా ఎలా మాట్లాడుతుందని కొందరు సమీక్షకులు అన్నారు. జార్జియా రచయిత్రి ఫ్లానరీ ఓకానర్ ఒక ఉత్తరంలో దీన్ని పిల్లల పుస్తకమని తేల్చేసి, కొంటున్నవాళ్లకు ఆ సంగతి తెలియకపోవడమే వింత అంది. 1966లో వర్జీనియాలోని హనోవర్ కౌంటీ స్కూలు బోర్డు, నవలలో మానభంగం ప్రస్తావన ఉంది కాబట్టి అనైతికమని పక్కన పెట్టమంది. లీ రిచ్‌మండ్ పత్రికకు వెటకారంగా ఒక ఉత్తరం రాసింది. బోర్డు సభ్యులను ఒకటో తరగతిలో చేర్పించండి, ఖర్చుకు ఇదిగో అని కొంచెం డబ్బు కూడా జతచేసింది. ఆ పత్రిక ఎడిటరు స్వయంగా వర్ణవివక్షకు గట్టి సమర్థకుడు. అయినా ఆయనే ఈ పుస్తకాన్ని పిల్లలకు ఉచితంగా పంచాడు. తెల్లవాళ్లలో తెల్లవాళ్ల గొడవ అది. నల్లపాఠకులు ఏమనుకుంటున్నారని అప్పుడు పెద్దగా అడిగినవాళ్లు లేరు.

వాళ్ల గొంతు బడుల ద్వారా వచ్చింది. పుస్తకం తరగతి గదుల్లోకి పాఠంగా వెళ్లాక, ముప్పైమంది తెల్లపిల్లల మధ్య కూర్చున్న ఒకరిద్దరు నల్లపిల్లలు తమ జాతిని కించపరిచే ఆ తిట్టుమాట పదేపదే పైకి చదువుతుంటే వినాల్సి వచ్చింది. 1980ల నుంచి నల్లజాతి తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పసాగారు. దీన్ని ఒక్క మాట మీది కోపమనుకుంటే పొరపాటు. వాళ్లు అడిగింది ఇది: నవలలోని నిందితుడు టామ్ రాబిన్‌సన్‌కు ఇంట్లో ఏం భయం, భార్యతో ఏం మాట్లాడాడు, కటకటాల వెనక ఏమనుకున్నాడు? నవలలో లేదు. ఫించ్ ఇంటి వంటామె కాల్పూర్నియా వంటింట్లోంచి బయటికొచ్చి తన మనుషుల మధ్య తన భాషలో మాట్లాడేది ఒక్క చర్చి ఘట్టంలోనే. ఆ తర్వాత మళ్లీ వంటింట్లోకే. ఓడిపోయిన లాయరు కోర్టులోంచి వెళ్తుంటే పైన బాల్కనీలోని నల్లవాళ్లందరూ లేచి నిలబడతారు. తెల్లపాఠకులకు కళ్లు చెమర్చే చోటు అది. తమవాడికి శిక్ష పడిన క్షణంలో కూడా తామే లేచి దండం పెట్టాలా అని నల్లపాఠకులకు గుచ్చుకునేదీ ఆ చోటే.

తెలుగువాళ్లకు ఈ వాదన కొత్త కాదు. ‘మాలపల్లి’ మొదలుకొని అగ్రవర్ణ సంస్కర్తలు రాసిన నవలలను దళిత విమర్శకులు నిలదీసింది ఇలాగే. అమెరికాలో ఎనిమిదో తొమ్మిదో తరగతి చదివే మన పిల్లల బ్యాగుల్లోనూ ఈ పుస్తకం ఉంటుంది. వాళ్లింట్లో ఈ ప్రశ్నను ఊరి భాషలో అడగగల తాతమ్మలూ ఉండొచ్చు.

లాయర్లలో రేగిన గొడవ మరీ ఘాటుగా సాగింది. అట్టికస్‌ను చూసే ఈ వృత్తిలోకి వచ్చామని చెప్పుకునేవాళ్లు అమెరికాలో కొల్లలు. 1992లో న్యాయవాద నీతిని బోధించే ప్రొఫెసర్ మన్రో ఫ్రీడ్‌మన్ ఒక వ్యాసంలో ఆ విగ్రహాన్ని కదిలించాడు. అట్టికస్ ఆ కేసు తనకు తానుగా ఎత్తుకోలేదు, జడ్జి అప్పగిస్తే చేశాడు. ఏళ్ల తరబడి శాసనసభలో కూర్చుని, తన ఊరి కోర్టులో నల్లవాళ్లకు వేరుగా పెట్టిన బాల్కనీ గురించి ఒక్క మాటా ఎత్తలేదు. లాయర్లు మండిపడి జవాబులు రాశారు. 1997లో అలబామా బార్ మన్రోవిల్‌లో అట్టికస్‌కు స్మారకశిల నిలబెట్టింది. కల్పిత లాయరుకు! మన్రోవిల్ ఉన్న ఆ మన్రో కౌంటీలోనే 1987లో వాల్టర్ మక్‌మిలియన్ అనే నల్లజాతి మనిషిని చేయని హత్యకు అరెస్టు చేశారు. విచారణ కాకముందే ఉరిఖైదీల జైల్లో పెట్టారు. జ్యూరీ యావజ్జీవం చాలన్నా జడ్జి మరణశిక్ష వేశాడు. బ్రయన్ స్టీవెన్‌సన్ అనే నల్లజాతి లాయరు పోరాడి 1993లో విడిపించాడు. నవల గురించి గర్వంగా చెప్పే ఊరు ఈ కేసును పట్టించుకోలేదని స్టీవెన్‌సన్ తన పుస్తకంలో నిష్ఠూరమాడాడు.

ఇంతలో 2015 జులైలో పాత రాతప్రతి ‘వాచ్‌మన్’ అచ్చులోకి వచ్చింది. లీకి అప్పటికి 89 ఏళ్లు. ఆమె నిజంగా ఒప్పుకుందా అన్న అనుమానం వెంటాడుతూనే ఉన్నా మొదటి వారంలోనే 11 లక్షల కాపీలు పోయాయి. పిల్లలకు అట్టికస్ అని పేరు పెట్టుకున్నవాళ్లు తలలు పట్టుకున్నారు. మిషిగన్‌లో ఒక పుస్తకాల షాపు డబ్బు వాపసు ఇస్తామంది. అట్టికస్ చెడిపోయాడని పాఠకులు వాపోయారు గానీ, రాసిన వరసలో చూస్తే ఆయన మొదట అలాగే ఉన్నాడు. తర్వాతే బాగుపడ్డాడు. జీవితంలో చాలాభాగం వేర్పాటును తప్పుబట్టని అసలు తండ్రికి, అంటే అమాసా లీకి, దగ్గరగా ఉన్నది ఈ అట్టికస్సే. నవలగా చూస్తే ‘వాచ్‌మన్’ ఎగుడుదిగుడే, హోహాఫ్ తప్పు చెప్పలేదు. కానీ ఆమె తీసేయించిన గొడవనే నల్లపాఠకులు 1980ల నుంచీ లేవనెత్తుతున్నారు.

2018లో పీబీఎస్ టెలివిజన్ జరిపిన ఓటింగులో అమెరికన్లు తమకు అత్యంత ప్రియమైన నవలగా ‘మాకింగ్ బర్డ్’నే ఎంచుకున్నారు. దానికి ముందు ఏడాదే మిసిసిపీలోని బిలక్సీలో ఎనిమిదో తరగతి పాఠాల్లోంచి తీసేశారు. 2022లో వాషింగ్టన్ రాష్ట్రంలోని ముకిల్టియోలో తొమ్మిదో తరగతికి తప్పనిసరి కాదన్నారు. అక్కడ అడిగింది టీచర్లే.

2018 డిసెంబరులో బ్రాడ్‌వే మీద ఆరన్ సార్కిన్ నాటకం మొదలైంది. అంతకుముందే, అట్టికస్‌ను నవలలో ఉన్నట్టు ఉంచలేదని లీ ఆస్తుల నిర్వాహకులు దావా వేశారు, తర్వాత రాజీ పడ్డారు. ఆ నాటకంలో కాల్పూర్నియా వంటింట్లోంచి బయటికొచ్చి, అందరిలో మంచిని చూడాలనే అట్టికస్‌ను ఎదురుగా నిలబడి నిలదీస్తుంది. టామ్ కూడా తన కేసు గురించి తానే మాట్లాడతాడు.