ఎనామెల్‌లో థిన్నర్ ఎందుకు కలపాలి? దీని వెనకాల ఉన్న కథ

నా మొదటి స్పిట్‌ఫైర్ మోడల్‌ని నా చేతులతో నేనే పాడు చేసుకున్నాను. ఎనామెల్ డబ్బా మూత తీసి, రంగుని అలాగే ఎయిర్‌బ్రష్ కప్పులో పోశా. కాసేపు ఏమీ రాలేదు. తర్వాత ఒక్కసారిగా రెక్క మీద చుక్కలు చుక్కలుగా చిమ్మింది. సరే, పల్చగా చేద్దామని కార్లకి రంగేసేవాళ్లు వాడే ఎన్.సి. థిన్నర్ బాగా కలిపేశా. ఈసారి ప్లాస్టిక్కే మెత్తబడి, రెక్క మీది సన్నగీతలన్నీ చెరిగిపోయాయి. ఎక్కడ తప్పు చేశానో అర్థం కావాలంటే కొంచెం చరిత్రలోకి వెళ్లాలి.

ముందు ఎయిర్‌బ్రష్ సంగతి. 1879లో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఆబ్నర్ పీలర్ అనే ఆయన వంచిన చెంచా, పాత కుట్టుసూది లాంటి వాటితో ఒక పరికరం తయారుచేశాడు. అది వాటర్ కలర్ చల్లడానికి, అంటే నీళ్లలా పారే రంగు కోసమన్నమాట. తర్వాత చాలా ఏళ్లు ఫోటోలకి మెరుగులు దిద్దడం ఎయిర్‌బ్రష్ ముఖ్యమైన పని.

ఇక ఎనామెల్. ఇంగ్లండ్‌లోని హల్ నగరంలో 1919లో హంబర్ ఆయిల్ కంపెనీ మొదలైంది. మొదట్లో అమ్మింది సైకిళ్లకి వేసే ఆయిల్! అదే తర్వాత హంబ్రాల్ అయింది. 1950లలో ఎయిర్‌ఫిక్స్ స్పిట్‌ఫైర్ కిట్ వచ్చింది. ప్లాస్టిక్ మోడళ్లు పిల్లల చేతుల్లోకి వచ్చేకొద్దీ హంబ్రాల్ చిన్న డబ్బాలు కూడా వాటి వెంటే ఇళ్లలోకి చేరాయి. ఆ పిల్లల దగ్గర ఉన్నది కుంచె. కుంచెకి చిక్కటి రంగే కావాలి, లేకపోతే జారిపోతుంది.

చూశారా? పరికరమేమో నీళ్ల రంగు కోసం పుట్టింది, ఎనామెల్ డబ్బా ఏమో కుంచె కోసం వచ్చింది. ఎయిర్‌బ్రష్ రంధ్రం సాధారణంగా 0.2 నుంచి 0.5 మిల్లీమీటర్లే. ఈ రెండింటికీ పొత్తు కుదిర్చేదే థిన్నర్.

ఎనామెల్ రెండు దశల్లో ఆరుతుంది. ముందు థిన్నర్ ఆవిరైపోతుంది, తర్వాత మిగిలిన రంగు గాల్లోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడుతుంది. అంటే థిన్నర్ పని రంగుని రెక్క దాకా మోసుకెళ్లడం వరకే. ఆ పనికి వైట్ స్పిరిట్ చాలు. మన హార్డ్‌వేర్ షాపుల్లో దొరికే మినరల్ టర్పెంటైన్ కూడా దాదాపు అదే జాతి. ఎన్.సి. థిన్నర్ మాత్రం ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది.

సగం రంగు, సగం థిన్నర్‌తో మొదలుపెట్టి పాలలా పల్చగా వచ్చేదాకా కొంచెం కొంచెంగా కలపండి. ముందు ఒక ప్లాస్టిక్ చెంచా మీద కొట్టి చూడండి. కిటికీలు తెరవండి, దగ్గర్లో అగరుబత్తి కూడా వెలగకూడదు. గుడ్డ మాస్క్ ఆ ఆవిరిని ఆపదు, కెమికల్ ఫిల్టర్ ఉన్న మాస్క్ కావాలి. మోడల్ పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు, ఊపిరితిత్తులు దొరకవు కదా.